ఏడు మడుగుల తలుపులు

పుట్టి గిర్రున మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టు తిరిగేలోగా నూకాంబ గెడను ఏటి అడుగున గుచ్చి, తన బరువంతా దాని మీద మోపి, పళ్ళు బిగబట్టి నిలబెట్టింది. వెదురు గెడ విల్లులా వంగింది.

"దొరా, ఎనక్కి చూడకు! తాడు అందుకో!" అని అరిచింది.

రాకుమారుడు ఉదయార్కుడు వెనక్కి చూడనే చూశాడు. నూరు బారల దూరంలో, శ్యామవాహిని నడిమధ్య, ఒక సుడిగుండం వాళ్ళ వెంట వస్తోంది. మామూలు సుడి ఉన్నచోటనే తిరుగుతుంది. ఇది వాసన పట్టిన వేటకుక్కలా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మొగ్గుతూ, అడ్డం వచ్చిన నురగనూ చెత్తనూ మింగుతూ వస్తోంది. మాంత్రికుడు ఆవర్తభట్టు తన గోడకు కాపలా పెట్టిన సుడి అది. ఆ దరిదాపులకు వచ్చిన ఏ పడవనూ అది ఇంతవరకు వదిలిపెట్టలేదు.

"ఇక అరగడియలో మనల్ని మింగుతుంది!" అన్నాడు రాకుమారుడు.

"మింగడానికి దానికి ఇంకోటి పెడదాం. అదిగో మాను!"

ఎగువ అడవుల నుంచి వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన మద్దిమాను ఒకటి వాళ్ళ పక్కగా దొర్లుకుంటూ పోతోంది. నూకాంబ తాడు చివర ఉచ్చు వేసి విసిరింది. మొదటిసారి జారింది. రెండోసారి ఉచ్చు ఒక వేరుకు బిగుసుకుంది. ఉదయార్కుడు తాడు రెండో కొసను నడుముకు చుట్టుకొని లాగాడు. పుట్టి మానుకు అతుక్కుంది. సుడి దగ్గరపడింది. దాని గొంతులోంచి వచ్చే హోరుకు చెవులు దిమ్మెక్కాయి. సరిగ్గా అప్పుడు నూకాంబ గెడతో మానును పక్కకు తన్ని, కత్తితో తాడు తెగ్గొట్టింది. మాను అడ్డంగా తిరిగి సుడి నోట్లో ఇరుక్కుంది. ఆ విసురుకు పుట్టి కుడిగట్టు రాళ్ళకు కొట్టుకొని ముక్కచెక్కలైంది. ఇద్దరూ బురదలో బోర్లా పడ్డారు.

లేచి నిలబడ్డాక నూకాంబ చేసిన మొదటి పని ఏటి వంక చూడటం. ఉదయం కంటే నీరు మూరెడు పెరిగింది. ఎగువ కొండల మీదివాళ్ళు వరద హెచ్చరికగా లేపిన మూడు పొగల గుర్తు నిజమైతే, అసలు వరద సూర్యుడు కుంగే వేళకు ఇక్కడికి వస్తుంది.

నూకాంబది ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న గవ్వలపాలెం. పడవ నడపడం, వల వేయడం తప్ప ఆమెకు వేరే పని తెలియదు. ఆమె చిన్నతనంలో శ్యామవాహిని పొంగినప్పుడల్లా కుడివైపున ఉన్న ఏడు మడుగుల్లోకి పోయి పరుచుకునేది. పది పదిహేను రోజులు అక్కడే ఉండి, ఒండ్రు దింపి, మెల్లగా వెనక్కి వచ్చేది. వాలుగలు, బొచ్చెలు వంటి చేపలు సముద్రపు అంచుదాకా తిరిగినా గుడ్లు పెట్టడానికి ఆ మడుగులకే ఎదురెక్కేవి. ఏడేళ్ళ కిందట ఆవర్తభట్టు వేలాపురి రాజు దగ్గరికి వచ్చి, జలస్తంభన విద్యతో నదిని కట్టిపడేస్తానని నమ్మబలికి, మడుగులకు అడ్డంగా గోడ లేపాడు. పక్కకు పోవడానికి చోటు లేని నీరు నేరుగా దిగువ ఊళ్ళ మీద పడింది. రాజు ఏటేటా కరకట్టలు ఎత్తు పెంచాడు. ఏరూ ఏటేటా ఎత్తు పెరిగింది. వలల్లో చేప కరువైంది. ఇది తప్పని తండ్రికి చెప్పినందుకే ఉదయార్కుడు రాజ్యం నుంచి వెళ్ళగొట్టబడ్డాడు.

"పద. వరద వచ్చేలోగా ఆ గోడ తలుపులు తెరవాలి. దిగువన నలభై ఊళ్ళు ఎదురు చూస్తున్నాయి" అన్నాడతను.

"అవి ఎదురు చూడటం లేదు దొరా. అన్నం వండుకుంటున్నాయి. అదే నా భయం."

రాళ్ళ మలుపు దాటగానే గోడ కనిపించింది. పగవాడు కట్టించినదని తెలిసినా ఒక్క క్షణం నోరు తెరుచుకొని చూడక తప్పని గోడ అది. కాటుక రంగు రాతి దిమ్మలను పేర్చి, సందుల్లో సీసం కరిగించి పోసి, నాలుగు నిలువుల ఎత్తున అరక్రోసు పొడవునా లేపారు. ఏడుచోట్ల ఏడు ఏనుగు తలలు ఏటి వైపు చూస్తున్నాయి. ఒక్కొక్క చెవి పెద్ద పడవ తెరచాపంత. నుదుట రేకురేకుకూ పగడాలు పొదిగిన పద్మాలు, దంతాలకు ఇత్తడి తొడుగులు, తొండాల మీద చెక్కిన మువ్వల పట్టెడలు. వానకు తడిసి అవన్నీ నిగనిగలాడుతున్నాయి. ప్రతి ఏనుగు నోట్లోనూ మూసిన ఇనుప తలుపు ఉంది. ప్రతి తల వెనుకా, గోడ మీద, ఆ తలుపును పైకెత్తే రాతి చక్రం ఉంది.

కాని నూకాంబ కళ్ళు ఆ నగిషీల మీద నిలవలేదు. మొదటి ఏనుగు నోటి దగ్గర నీళ్ళు తెల్లగా కుతకుతలాడుతున్నాయి. అది నురగ కాదు. చేపలు. వేలకు వేలు. కడుపునిండా గుడ్లతో ఎదురెక్కి వచ్చిన వాలుగలు ఇనుప తలుపు మీదికి ఎగిరి, తల పగిలి, వెనక్కి పడుతున్నాయి. పడినవి మళ్ళీ ఎగురుతున్నాయి. చచ్చినవి పొలుసులు మెరుస్తూ రాళ్ళ సందుల్లో కుప్పపడ్డాయి.

నూకాంబ ఒంటికి బురద పూసుకొని, రాకుమారుడి మెడలోని ముత్యాలు తెంపి ఏట్లో పారేసి, అతని ముఖానా గుప్పెడు బురద కొట్టింది. గోడకు మట్టి మోసే కూలీలు బారులు తీరి మెట్లెక్కుతున్నారు. ఇద్దరూ చెరొక తట్ట నెత్తిన పెట్టుకొని ఆ వరుసలో కలిశారు.

మెట్ల పైన బల్లెం పట్టుకున్న కావలివాడు అడ్డం వచ్చాడు. "ఏ ముఠా మీది?"

"కొత్త ముఠా అన్నా. వరదొస్తందని తెల్లారే తోలుకొచ్చారు" అంది నూకాంబ.

"ఏ ఊరమ్మీ నీది? మాట మా దిక్కులా ఉందే."

"దిగువే. నీది?"

"తాటిలంక." అతని గొంతు తగ్గింది. పేరు బైచన. మనిషి భారీగా ఉన్నా కళ్ళు బెదురుగా ఏటి వైపే పోతున్నాయి. "మా అమ్మ అక్కడే ఉంది. నీళ్ళు చూశావుగా? మా భట్టుస్వామి ఉన్నంతకాలం ఏమీ కాదంటారు. ఆయన పాదానికి నీటిచుక్క తగలకూడదంట, అందుకే పల్లకీ దిగడు, దిగినా ఎత్తు పావుకోళ్ళ మీదే. తగిలితే పాదాలు ఆరేదాకా మంత్రం పలకదంట. సరే, పోండి పోండి."

నూకాంబ ఆ మాటను మనసులో ముడేసుకుని గోడ ఎక్కింది. ఎక్కి అవతలివైపు చూసి, తట్ట జారవిడిచింది.

గోడ వెనక మాంత్రికుడి ఉద్యానవనం ఉంటుందని ఇద్దరూ విన్నారు. ఉన్నది ఊరు. ఎండిన మొదటి మడుగు అడుగున మూడు వందల పూరిళ్ళు, వాటి చుట్టూ పొట్ట మీదున్న వరి, పాకల్లో పశువులు, దండేల మీద ఆరేసిన చీరలు. ఎవరో పొయ్యి రాజేస్తున్నారు.

"మనుషులు!" అన్నాడు ఉదయార్కుడు. ఏటి వైపు తిరిగి, "ఇక్కడ మూడు వందల ఇళ్ళు. అక్కడ నలభై ఊళ్ళు. మనకు పొద్దు లేదు, నూకాంబా" అన్నాడు.

"లెక్క నాకూ వచ్చు దొరా. అయినా చెప్పకుండా తలుపు తియ్యను."

ఆమె అప్పటికే అవతలి మెట్లు దిగుతోంది. చేనికి అడ్డంపడి పరుగెత్తుతుంటే గట్టు మీదినుంచి ఒక ముసలామె కొడవలి ఎత్తి కేకేసింది. ఆ ఊరికి పెద్దదిక్కు చౌడసాని. నడుము వంగింది గాని గొంతు వంగలేదు.

"ఎవతివే పిల్లా? పొట్టమీదున్న చేను తొక్కుతావేం?"

నూకాంబ ఆమె ముందు ఆగి, ఊపిరి పీల్చుకుంది. "అవ్వా, నేను తట్ట మోసేదాన్ని కాదు. గవ్వలపాలెం పడవ మనిషిని. ఆ తలుపులు తెరవడానికొచ్చాను."

చుట్టూ చేలల్లో వంగినవాళ్ళు లేచారు. కొడవళ్ళు లేచాయి. చౌడసాని చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపింది.

"మా కొంపలు ముంచడానికొచ్చి, మాతోనే చెబుతున్నావా?"

"నిరుడు మా ఊళ్ళోకి నీళ్ళు చెప్పకుండా వచ్చాయి అవ్వా. మా అమ్మ పొయ్యి ముందు కూర్చునుంది. లేవడానికి కూడా పొద్దు దొరకలేదు." నూకాంబ గోడ వైపు చెయ్యి చూపింది. "ఇంకెవరికీ అలా కాకూడదని చెబుతున్నాను. సాయంత్రానికి కొండ వరద వస్తంది. తలుపులు మూసే ఉంటే నలభై ఊళ్ళు పోతాయి. గోడ తెగితే మీరూ పోతారు."

ముసలామె కొడవలి దించింది. "మాదీ ఏటి అంచే. కొంగలమెట్ట. గండిపడి ఊరంతా పోతే ఆ మంత్రగాడే తెచ్చి ఇక్కడ దించాడు. ఇది ఎన్నటికీ మునగని నేల అన్నాడు. బావి తవ్వితే రెండు నిలువుల లోతున గుల్లలొచ్చాయి. బురదలో కొర్రమీను ఒకటి ప్రాణంతో ఉంది. మావాళ్ళు వండుకు తిన్నారు. నాకు ముద్ద దిగలేదు. ఎవరి ఇంట్లోనో కాపురముంటన్నాం అనిపించింది."

ఉదయార్కుడు ముందుకొచ్చి, వేలి ఉంగరం తీసి చూపించాడు. "నేను వేలాపురి రాకుమారుణ్ణి. మీకు ఎత్తు నేల ఇస్తాను. నీరు తీశాక ఈ మడుగుల్లో చేప, గట్ల మీద సాగు మీవే. ఇది నా మాట."

"ఉంగరం పెట్టుకొని నేనేం చేసుకోను బాబూ? మీ మాటలు వానాకాలంలో పుట్టి ఎండాకాలంలో పోతాయి." చౌడసాని కొడవలి నడుముకు దోపుకుంది. "నువ్వు మాతో ఉండు. మేం ఎక్కే దిబ్బ మీదే ఎక్కు. దిబ్బ మునిగితే నువ్వూ మాతోనే మునుగు. అదైతే ఒప్పుకుంటాం."

నూకాంబ అడ్డం చెప్పబోయింది. రాకుమారుడు చేత్తో వారించాడు. "ఉంటాను" అన్నాడు.

ఇక ఆ ఊరు ఊరంతా ఉరుకులు పరుగులు. తలుపులు పీకి తెప్పలు కట్టారు. పిల్లల్ని గంపల్లో కూర్చోబెట్టారు. పశువుల పలుపులు కోసి దిబ్బ వైపు అదిలించారు. ఉదయార్కుడు మంచం పట్టినవాళ్ళను ఒక్కొక్కరినే వీపున వేసుకొని నాలుగుసార్లు దిబ్బ ఎక్కి దిగాడు. ఎవరో బావురుమని ఏడుస్తున్నారు. ఎవరో పొయ్యి మీది అన్నం కుండ దించడానికి వెనక్కి పరుగెత్తారు.

నూకాంబ ఒంటరిగా గోడ మీదికి చేరేసరికి ఏరు గోడ అంచుకు బారెడు కిందకు వచ్చేసింది. మొదటి ఏనుగు చెవి పక్కన ఆమెకు ఒక వింత కనిపించింది. గోడను అడ్డంగా కోసుకుంటూ ఒక సన్నని రాతి కాలువ ఉంది. అందులో మెట్లు. మనిషి పాదానికి ఆ మెట్లు మరీ పొట్టివి, మరీ నున్నవి. పడవ మనిషికి చప్పున అర్థమైంది. చేపలు ఎక్కడానికి కట్టిన మెట్లవి. ఈ గోడ చెక్కిన శిల్పుల్లో ఏటి మనుషులెవరో ఉండి, తమకు చేతనైనంత మేలు చేసిపోయారు. మాంత్రికుడు అది కనిపెట్టి, ఏటి వైపు మూతిలో మట్టి నింపిన ఎద్దుతోలు తిత్తి కుక్కించాడు.

ఆమె గోడ అంచున వేలాడి, నడుముకున్న తాడును తిత్తి మెడకు బిగించి, పైకొచ్చి లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. అరచేతులు కోసుకుపోయాయి.

"లాగు, లాగు. ఇంకొంచెం" అన్నదొక చల్లని గొంతు.

పన్నెండుమంది మోసే పల్లకీ కాలువ పక్కనే ఆగింది. ఆవర్తభట్టు ఎత్తు పావుకోళ్ళ మీద గోడపైకి దిగాడు. మొసలి తోలు ఉత్తరీయం, గవ్వల జందెం, చేతిలో ఎముక దండం. కళ్ళు మాత్రం నిద్రలేని మనిషి కళ్ళు. అతను దండం ఎత్తాడు. ఏటి నీరు అయిదు వేళ్ళ చెయ్యిగా లేచి నూకాంబ నడుము పట్టుకొని గాలిలోకి ఎత్తింది. ఆమె తాడు వదల్లేదు.

"ఆ మడుగులో ఉన్నవాళ్ళను కాపాడింది నేను" అన్నాడు మాంత్రికుడు. "నది పశువు. పశువును కట్టేయాలి."

"పశువుకైనా పడుకోడానికి చోటుండాలి కదయ్యా!" అని అరిచింది నూకాంబ.

అతని ముఖం ఎర్రబడింది. దండం ఇంకా పైకెత్తాడు. నీటిచెయ్యి ఆమెను బాణంలా ఆకాశానికి విసిరింది. తాడు బిగుసుకుంది. ఆమె లాగలేని తిత్తిని మాంత్రికుడి బలమే బిరడాలా ఊడబెరికింది.

కాలువలోకి నీరు ఉరికింది. నీటితో చేపలు ఉరికాయి. మెట్టు మీద మెట్టు ఎగురుతూ, ఒకదాని మీద ఒకటి దొర్లుతూ, ఏడేళ్ళ ఆకలితో ఎక్కాయి. నిలువెత్తు వాలుగ ఒకటి కాలువ అంచు దాటి ఎగిరి, తోకతో ఛెళ్ళున కొట్టి పావుకోళ్ళను పక్కకు తన్నింది. ఆవర్తభట్టు తడిరాయి మీద చతికిలబడ్డాడు. రెండు పాదాలూ నీళ్ళల్లో!

నీటిచెయ్యి పెఠిల్లున విరిగి వానై కురిసింది. కిందకు పడుతున్న నూకాంబను బల్లెం పారేసి పరుగెత్తుకొచ్చిన బైచన గోడ అంచున ఒడిసిపట్టాడు. పల్లకీ మోసేవాళ్ళు పల్లకీ వదిలేసి పారిపోయారు. మాంత్రికుడు పెదవులు కదిపాడు. మంత్రం పలకలేదు. కాని రూపం మార్చే విద్య వేరు. దానికి పాదాలతో పని లేదు. కళ్ళముందే అతను మొసలిరంగు గద్దగా మారి, తడి కాళ్ళను వేలాడేసుకొని, మబ్బుల పైకి రివ్వున ఎగిరిపోయాడు.

"ఎక్కడికి పోతన్నాడు?" అన్నాడు బైచన.

"మబ్బుల పైన ఎండ ఉంది. కాళ్ళు ఆరబెట్టుకోడానికి! చక్రం పట్టు అన్నా, మీ అమ్మ కోసమైనా పట్టు!"

ఇద్దరూ రాతి చక్రం మీద పడ్డారు. కదల్లేదు. బైచన భుజం ఆనించి, ఏనుగులా ఘీంకరించి నెట్టాడు. మూలుగుతూ కదిలింది. మొదటి తలుపు లేచింది. ఏనుగు నోట్లోంచి శ్యామవాహిని మడుగులోకి దూకింది. చేలు వంగాయి, మునిగాయి. పూరిళ్ళు ఒక్కొక్కటే కూర్చున్నట్టు కుంగాయి. నీటి మొన వెంట వెండిపొలుసుల మంద ఒకటి పాత దారి తెలిసినట్టు నేరుగా మడుగు లోతుకు సాగిపోయింది. నూకాంబకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆమె వంగి ఏనుగు చెవి మీది తడి గీత వైపు చూసింది. నీరు జానెడు తగ్గింది. ఒకే ఒక్క జానెడు.

"చాలదు" అంది. "ఏడూ తియ్యాలి."

గోడ ఆ కొసన కొమ్ము బూర మోగింది. ఏడో తలుపు దగ్గరనుంచి కావలిమూక కత్తులు దూసి పరుగెత్తి వస్తోంది. పైన మబ్బు చీలింది. ఆ చీలికలోంచి పడిన ఎండ పట్టెలో గద్ద రెక్కలు చాచి, పంజాలు సూర్యుడి వైపు తిప్పి, కదలకుండా తేలుతోంది.

"ఇద్దరం ఆరు చక్రాలు ఎలా తిప్పుతాం?" అన్నాడు బైచన.

జవాబు మడుగు వైపునుంచి వచ్చింది. ఇళ్ళ తలుపులతో కట్టిన తెప్పలు పాతిక దాకా గోడను చేరుతున్నాయి. ముందు తెప్పను ఉదయార్కుడు తోస్తున్నాడు. దాని మీద చౌడసాని పలుగు చేతబట్టి నిలబడింది. వెనక ప్రతి తెప్ప మీదా పలుగులు, గునపాలు.

"అవ్వా, మీ ఇల్లు..." అంది నూకాంబ, ముసలామెకు చెయ్యి అందిస్తూ.

"పోవడం చూశానులే." చౌడసాని గోడ మీదికి ఎక్కి, చీర కొంగు నడుముకు బిగించింది. "మిగతా ఆరూ తియ్యకపోతే అది ఉత్తినే పోయినట్టు. రెండోది ఎటు?"

నూకాంబ కత్తుల మూక వైపే వేలు చూపించి, ముందుగా తానే పరుగందుకుంది.